అర్ధేందు శేఖర్ ముస్తఫీ: చిన్న వేషాల పెద్ద నటుడు

గత సంవత్సరం వార్షికోత్సవానికి మేము ఒక హాస్య నాటిక వేయాలనుకున్నాం. మాటలు ముందుగా రాసుకోకూడదు, సన్నివేశం ఒక్కటి అనుకుని, స్టేజీ మీద అప్పటికప్పుడు తోచింది మాట్లాడుకోవాలి అన్నది మా పథకం. సన్నివేశం మనందరికీ బాగా తెలిసినదే. నాన్నగారికి బదిలీ ఉత్తర్వు వచ్చింది, వాకిట్లో లారీ వచ్చి నిలబడింది, ఇంట్లో సామాను సర్దడం ఇంకా సగం కూడా కాలేదు. ఆలోచన బాగానే ఉంది. కానీ రిహార్సల్ మొదలైన రెండు నిమిషాలకే ఆరుగురం ఒకేసారి మాట్లాడడం మొదలుపెట్టాం. ఎవరి జోకు వాళ్ళది, ఎవరి గోల వాళ్ళది. లారీ డ్రైవర్ వేషం వేసినవాడు తన మాట చెప్పడానికి మూడుసార్లు నోరు తెరిచి, ఎవరూ వినకపోయేసరికి అలిగి వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాడు. నాటిక అక్కడితో ఆగిపోయింది.

మాకు బెంగాలీ చెప్పే టీచర్‌గారు ఇదంతా చూసి నవ్వలేదు, కోప్పడలేదు. ఈ కలకత్తాలోనే నూట యాభై ఏళ్ళ కిందట ఇలాంటి పని చేసిన ఒకాయన ఉండేవాడని చెప్పి, ఆయన పేరు బోర్డు మీద రాశారు. అర్ధేందు శేఖర్ ముస్తఫీ. మాలో ఎవరమూ ఆ పేరు వినలేదు. తెలుగువాళ్ళం కదా, మనకు గిరీశం తెలుసు, ముస్తఫీ ఎలా తెలుస్తాడు? బెంగాలీ పిల్లలకు కూడా చాలామందికి తెలియదని తరువాత తెలిసింది. అందుకే ఈ వ్యాసం.

ముందు ఆ ఇంటిపేరు సంగతి. ముస్తఫీ అనగానే మేము వేరే మతం వారనుకున్నాం. కాదు, ఆయన బెంగాలీ హిందువే. నవాబుల కాలంలో ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే అధికారిని పారశీకంలో ముస్తౌఫీ అనేవారు. ఆ ఉద్యోగం చేసిన కుటుంబాలకు అదే ఇంటిపేరుగా నిలిచిపోయింది. అంటే మన భాషలో ఆడిట్ వాళ్ళన్నమాట. మా తరగతిలో ఇద్దరి నాన్నలు ఆడిట్ శాఖలోనే పనిచేస్తారు కాబట్టి ఈ సంగతి విని వాళ్ళకు భలే సంతోషం వేసింది.

అర్ధేందు 1850లో ఉత్తర కలకత్తాలోని బాగ్‌బజార్‌లో పుట్టాడు. గంగ ఒడ్డున ఉండే పాత పేట అది. ఇరుకు సందులు, ఎత్తైన అరుగులు, సాయంత్రమయితే ఆ అరుగుల మీద గంటల తరబడి కబుర్లు. ఆ రోజుల్లో నాటకం చూడాలంటే ఇప్పటిలా టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళడం కుదరదు. జమీందార్లూ, ధనవంతులూ తమ ఇళ్ళలోనే స్టేజీలు కట్టించుకుని, పిలిచినవాళ్ళకే చూపించేవారు. పాథురియాఘాట ఠాకూర్ల ఇంట్లో అలాంటి స్టేజీ ఉండేది. ఆ ఇంటి పెద్ద జతీంద్రమోహన్ ఠాకూర్ అర్ధేందుకు దగ్గరి బంధువు. అందువల్ల కుర్రవాడికి మంచి నాటకాలు చూసే భాగ్యం చిన్నప్పుడే దక్కింది.

అది ఎక్కువ కాలం నిలవలేదు. 1867లో జోడాసాంకో దగ్గర కొందరు కుర్రాళ్ళు 'కిఛు కిఛు బుఝి' అనే ప్రహసనం వేశారు. కొద్దికొద్దిగా మాకూ అర్థమవుతుందిలే అని ఆ పేరుకు అర్థం. ఠాకూర్ల ఇంట్లో ఆడిన ఒక ప్రహసనానికి అది జవాబు. అందులో పదిహేడేళ్ళ అర్ధేందు వేషం కట్టి తన బంధువర్గాన్నే వెక్కిరించాడు. జనం పగలబడి నవ్వారు. పెద్దింటివారికి మాత్రం నవ్వు రాలేదు. వాళ్ళ ఆదరణ ఆ దెబ్బతో పోయింది. నవ్వించడం ఎంత ఖరీదైన పనో ఆయనకు మొదటి వేషంతోనే తెలిసిందన్నమాట.

ఇక్కడ మరో మనిషిని పరిచయం చేయాలి. దీనబంధు మిత్ర. ఆయన తపాలా శాఖ ఉద్యోగి. అవును, బదిలీలున్న కేంద్ర ప్రభుత్వ ఉద్యోగే! పాట్నా, ఒరిస్సా, నదియా, ఢాకా అంటూ ఊరూరా తిరిగాడు. వెళ్ళిన చోటల్లా తపాలా ఆఫీసుల లెక్కలతో పాటు అక్కడి మనుషుల మాటతీరు కూడా విని మనసులో దాచుకున్నాడు. నీలిమందు తోటల దొరలు రైతుల్ని పెట్టే బాధలు కళ్ళారా చూసి 1860లో 'నీల్ దర్పణ్' నాటకం రాశాడు. ప్రభుత్వోద్యోగి కాబట్టి పుస్తకం మీద తన పేరు వేసుకోలేదు. దాని ఇంగ్లీషు అనువాదాన్ని ప్రచురించినందుకు జేమ్స్ లాంగ్ అనే పాదరీ 1861లో నెల రోజులు జైలులో ఉన్నాడు, వెయ్యి రూపాయల జరిమానా కూడా పడింది. ఆయన నాటకాల్లో పల్లెటూరి రైతు రైతులాగే మాట్లాడతాడు, దొర దొరలాగే మాట్లాడతాడు. ఇంతమంది ఇన్ని రకాలుగా మాట్లాడే నాటకాలు ఆడాలంటే అన్ని యాసలూ విన్న చెవి కావాలి. ఆ చెవి బాగ్‌బజార్ కుర్రాడికి ఉంది.

బాగ్‌బజార్ మిత్రులు 1868 దుర్గాపూజ రోజుల్లో దీనబంధు మిత్ర రాసిన 'సధవార్ ఏకాదశి' ఆడారు. చదువుకున్న తాగుబోతుల మీద రాసిన నాటకం అది. గొప్ప వేషాలకు కావలసిన పట్టుబట్టలు, కిరీటాలు కొనే డబ్బు కుర్రాళ్ళ దగ్గర లేదు. మామూలు బట్టలతో ఆడగలిగే నాటకం కాబట్టే దాన్ని ఎంచుకున్నారు. ముఖ్య పాత్ర నిమ్‌చాంద్ వేషం గిరీశ్ చంద్ర ఘోష్‌ది. ఆయన అర్ధేందు కంటే ఆరేళ్ళు పెద్ద, తరువాత బెంగాలీ నాటకరంగానికే పెద్దదిక్కయ్యాడు. అర్ధేందుకు దొరికినవి చిన్న వేషాలే.

ఆ నాటకాన్ని కొన్నాళ్ళకు ఒకరింట్లో మళ్ళీ వేసినప్పుడు దీనబంధు మిత్ర స్వయంగా చూడడానికి వచ్చాడు. ఆ రోజు అర్ధేందు ముసలి తండ్రి జీవన్‌చంద్ర వేషంలో ఉన్నాడు. కొడుకు అటల్ తాగుడుకు బానిస. తండ్రి కోపంతో స్టేజీ దిగి వెళ్ళిపోవాలి. పుస్తకంలో ఉన్నది అంతే. అర్ధేందు మాత్రం పోతూ పోతూ కొడుకుని ఒక్క తన్ను తన్ని పోయాడు. రచయిత ఎదురుగా కూర్చుని ఉండగా, ఆయన రాయని తన్ను!

నాటకం అయ్యాక దీనబంధు మిత్ర ఆ తన్ను గురించే మాట్లాడాడు. రచయితకు తట్టనిది నటుడికి తట్టిందనీ, ఈసారి పుస్తకం మళ్ళీ అచ్చువేసినప్పుడు దాన్ని కూడా చేరుస్తాననీ మెచ్చుకున్నాడు. గిరీశ్‌నూ ఆయన బాగా పొగిడాడు. కానీ మాకు ఆ తన్నే ఎక్కువ నచ్చింది. ఆ తన్ను తన్నడానికి పెద్ద ధైర్యమేమీ అక్కర్లేదు. మేమూ రిహార్సల్‌లో ఒకరినొకరం చాలాసార్లు తోసుకున్నాం, తన్నుకున్నాం కూడా. అయితే మా తన్నులు ఎవరికివాళ్ళం నవ్వించడానికి. ఆయన తన్ను ఆ ముసలి తండ్రి కడుపుమంటలోంచి వచ్చింది. కొడుకు వేషం వేసిన నటుడు అంతవరకు చెప్పిన ప్రతి మాటనూ విని ఉంటే తప్ప అది ఆ చోట పడదు. అవతలి నటుడు కూడా ఆ తన్నును తండ్రి తన్నుగానే తీసుకోవాలి. వాడు గబుక్కున నవ్వేసినా, ఇదేమిటని తెల్లబోయినా సన్నివేశం చెడిపోయేది. రాసిపెట్టని మాటకు ఎప్పుడూ ఇద్దరు కావాలి, చెప్పేవాడొకడూ, అందుకునేవాడొకడూ.

తరువాత 1872 వచ్చింది. డబ్బున్నవాళ్ళ వాకిళ్ళలో పిలుపు కోసం చూడడం ఎందుకు, టిక్కెట్టు పెట్టి అందరికీ నాటకం చూపిద్దామని ఈ కుర్రాళ్ళు అనుకున్నారు. నేషనల్ థియేటర్ అని పేరు పెట్టారు. గిరీశ్ ఘోష్ ఒప్పుకోలేదు. సరైన స్టేజీ లేదు, సామగ్రి లేదు, ఇంత పెద్ద పేరు పెట్టి డబ్బు వసూలు చేస్తే నలుగురూ నవ్వుతారని ఆయన వాదన. మాకు చూడగా ఆయన వాదనలో న్యాయం లేకపోలేదు. అయినా మిగిలినవాళ్ళు ఆగలేదు. గిరీశ్ విడిపోయి, వాళ్ళ మీద ఎగతాళి పాట కూడా కట్టాడు. మంచి నటుడు పోయాడు, ఇక అందరికీ వేషాలు నేర్పే భారం అర్ధేందు మీద పడింది. అప్పటికి ఆయన వయసు ఇరవై రెండు.

చిత్‌పూర్ రోడ్డులో, జోడాసాంకో దగ్గర, మధుసూదన్ సాన్యాల్ గారి పెద్ద ఇల్లు ఉండేది. గడియారం ఉన్న ఇల్లు కాబట్టి జనం ఘడీవాలా బాడీ అనేవారు. ఇప్పుడా రోడ్డు పేరు రవీంద్ర సరణి. ఆ ఇంటి ఆవరణలో 1872 డిసెంబరు 7న 'నీల్ దర్పణ్'తో బెంగాలీ వారి మొదటి టిక్కెట్టు నాటకశాల తెరుచుకుంది. ముందు వరుసలకు రూపాయి, వెనకవాటికి ఎనిమిదణాలు. అర్ధేందు ఆ రాత్రి ఒక్క వేషం కాదు, నాలుగు వేషాలు వేశాడు. నీలిమందు దొర వుడ్, రైతు కుటుంబ పెద్ద గోలోక్ బసు, ఆయన భార్య సావిత్రి, ఒక మామూలు రైతు. కొట్టేవాడూ ఆయనే, దెబ్బలు తినేవాడూ ఆయనే, ఏడ్చే తల్లీ ఆయనే! అప్పట్లో ఆడవేషాలు కూడా మగవాళ్ళే వేసేవారు. స్టేజీ మీదికి నటీమణులు రావడం మరుసటి ఏడు, 1873లో, బెంగాల్ థియేటర్ వారితో మొదలయింది.

ఈ నాటకం గురించి కలకత్తాలో అందరూ చెప్పే కథ ఒకటుంది. చూడడానికి వచ్చిన ఈశ్వరచంద్ర విద్యాసాగర్ దొర వేషం వేసిన నటుడి దుర్మార్గం చూసి ఓర్చుకోలేక, కాలి చెప్పు తీసి విసిరాడట. నటుడు దాన్ని తలకద్దుకుని ఇంతకన్నా బహుమానం లేదన్నాడట. ఆ నటుడు అర్ధేందు అని చాలామంది అంటారు. కొందరు వేరే పేరు చెబుతారు. మేము దీన్ని కథగానే చెబుతున్నాం, మీరూ కథగానే వినండి.

ఇక నవ్వుల సంగతి. నేషనల్ థియేటర్‌లో పెద్ద నాటకంతో పాటు చిన్న చిన్న హాస్య దృశ్యాలు వేసేవారు. వాటిలో బడినీ, పరీక్షలనూ వెక్కిరించే దృశ్యం కూడా ఉండేది. (మా ప్రిన్సిపాల్‌గారు ఈ వాక్యం చదవకపోతే బాగుండు.) ఇలాంటి వాటికి పెద్ద పుస్తకాలుండవు. విషయం అనుకుంటారు, మనుషుల్ని అనుకుంటారు, మిగిలింది స్టేజీ మీద. మన వైపు పగటి వేషగాళ్ళు చేసేదీ ఇదే కదా. ఊళ్ళోకి వచ్చి, ఎదురుపడిన మనిషిని బట్టి, ఆ వీధిని బట్టి మాట అల్లుతారు. మా అమ్మమ్మల ఊళ్ళలో వాళ్ళని చూసినవాళ్ళు మాలో ఒకరిద్దరున్నారు. తోలుబొమ్మలాటలో బంగారక్క, జుట్టుపోలిగాడు వచ్చి కథ మధ్యలో ఆ ఊరి సంగతులు కలిపి మాట్లాడడం కూడా ఈ తోవదే. ముస్తఫీ చేసింది మనకు బొత్తిగా తెలియని విద్య కాదు.

ఆ రోజుల్లో డేవ్ కార్సన్ అనే ఒక విదేశీ హాస్య నటుడు కలకత్తాలో పేరుమోశాడు. బెంగాలీ బాబు వేషం వేసి, వాళ్ళ ఇంగ్లీషునూ, నడకనూ ఎగతాళి చేసి దొరల్ని నవ్వించేవాడు. కొత్త ఊళ్ళో మన యాస విని ఎవరైనా నవ్వితే ఎలా ఉంటుందో ఈ పత్రిక చదివేవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. ప్రతి బదిలీ తరువాత మొదటి నెల అదే గొడవ. తెలుగు ఊళ్ళో చదివివస్తే హిందీ విని నవ్వుతారు, ఇక్కడ రెండేళ్ళుండి ఆంధ్రా వెళితే తెలుగు విని నవ్వుతారు. కలకత్తా బాబులకు తమ సొంత ఊళ్ళోనే ఆ గతి పట్టింది. టిక్కెట్టు కొని మరీ తమ మీద జోకులు విని రావాలి.

1873 జనవరిలో అర్ధేందు దీనికి జవాబిచ్చాడు. 'ముస్తఫీ సాహెబ్ కా పక్కా తమాషా' అని పేరు. చిరిగిన కోటూ ప్యాంటూ తొడుక్కుని, చేతిలో వయొలిన్ పట్టుకుని, వచ్చీరాని భాషలో తాను గొప్ప దొరనంటూ పాడే సాహెబుగా ఆయన స్టేజీ ఎక్కాడు. జనం విరగబడి వచ్చారు. తమను వెక్కిరించేవాడిని వెక్కిరించే మనిషి ఒకడు దొరికాడని వాళ్ళ సంబరం. మాలో ఈ విషయం మీద పెద్ద వాదనే జరిగింది. వాడు చేసిన పనే ఈయనా చేశాడు కదా, చిరుగుల కోటు పేదవాడిని చూసి నవ్వడం ఏం గొప్ప అని ఒకరు అడిగారు. అధికారం ఉన్నవాడు లేనివాడిని వెక్కిరించడం వేరు, లేనివాడు తిరిగి వెక్కిరించడం వేరు అని ఇంకొకరు. మాలో ఎక్కువమంది రెండో పక్షం. కానీ మొదటి ప్రశ్న వేసిన అమ్మాయి ఇంకా ఒప్పుకోలేదు, ఆ సంగతి కూడా రాయమంది, రాశాం.

డబ్బు చేతికి రాగానే తగాదాలు కూడా వచ్చాయి. 1873 మార్చికల్లా నేషనల్ థియేటర్ ఆ ఇంట్లో ఆటలు ఆపేసింది. ఒక్క జట్టు రెండయింది. అర్ధేందు ఉన్న జట్టు హిందూ నేషనల్ థియేటర్ పేరుతో ఢాకా వెళ్ళి ఆడింది. అక్కడినుంచి ఆయన జీవితమంతా ప్రయాణమే అనవచ్చు. ఒక థియేటర్‌లో కొన్నాళ్ళు, ఇంకొకదానిలో కొన్నాళ్ళు, మధ్యలో ఊళ్ళు తిరగడం. ఆయనకు బదిలీ ఉత్తర్వులిచ్చే ఆఫీసు ఏదీ లేదు, అయినా మన నాన్నల కంటే ఎక్కువసార్లే పెట్టె సర్దాడు.

ఆ ప్రయాణాల్లో ఒకటి మరిచిపోలేనిది. 1875లో గ్రేట్ నేషనల్ థియేటర్ వారు ఉత్తర భారతానికి వెళ్ళారు. లక్నోలో 'నీల్ దర్పణ్' వేశారు. చూసేవాళ్ళలో దొరలు, తెల్ల సిపాయిలు చాలామంది. అర్ధేందు మామూలుగానే వుడ్ దొర. రోగ్ అనే రెండో దొర పల్లెపడుచు మీద దౌర్జన్యం చేయబోతే తోరాప్ అనే రైతు తలుపు పగలగొట్టుకుని వచ్చి అతన్ని చితకబాదే ఘట్టం వచ్చింది. నల్లవాడు తెల్లదొరను కొట్టడం చూసి సిపాయిలు లేచారు. కత్తులు దూసి స్టేజీ మీదికే వచ్చేశారు. తెర దించేశారు, నాటకం ఆగిపోయింది, జట్టు ఆ ఊరు విడిచి హడావిడిగా బయటపడింది. అప్పుడు ఆ జట్టులో పన్నెండేళ్ళ బాలనటి వినోదిని కూడా ఉంది. తరువాత గొప్ప నటి అయిన వినోదిని దాసి తన ఆత్మకథలో ఆ రాత్రి భయాన్ని వివరంగా రాసింది. మరుసటి ఏడే, 1876లో, నాటకాలను అదుపులో పెట్టే చట్టాన్ని ప్రభుత్వం తెచ్చింది.

ఇప్పుడు మాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం. 1893 జనవరి 28న బీడన్ స్ట్రీట్‌లో మినర్వా థియేటర్ తెరిచారు. మొదటి నాటకం షేక్‌స్పియర్ 'మాక్‌బెత్', గిరీశ్ ఘోష్ బెంగాలీలోకి అనువదించినది. పాత తగవులు ఎప్పుడో తీరాయి. మాక్‌బెత్ వేషం గిరీశ్‌ది. అప్పటికి అర్ధేందుకు నలభై మూడేళ్ళు, ఊరంతా ఎరిగిన నటుడు. ఏ పెద్ద వేషం అడిగినా కాదనేవారు లేరు. ఆయన వేసినవేమిటో తెలుసా? మంత్రగత్తె, కోట ద్వారపాలకుడు, ఒక ముసలివాడు, ఒక హంతకుడు, వైద్యుడు. అయిదు వేషాలు, అన్నీ చిన్నవే.

ఈ నాటకం చదివినవాళ్ళకు ద్వారపాలకుడు గుర్తుంటాడు. రాజుని చంపిన రాత్రి, ఎవరో కోట తలుపు దబదబా బాదుతుంటే, తాగిన మత్తులో విసుక్కుంటూ తలుపు తీయడానికి వచ్చే మనిషి. నాటకం మొత్తంలో మనం నవ్వేది అక్కడే. ఆ వేషగాడు తెలివి తక్కువవాడయితే నవ్వు ఎక్కువసేపు లాగి, అంతకుముందు మాక్‌బెత్ పడిన కష్టాన్నంతా మట్టిలో కలుపుతాడు. అసలు నవ్వించకపోతే జనానికి ఊపిరి ఆడదు. ఎంత నవ్వించాలో, ఎప్పుడు ఆపి తలుపు తీయాలో తెలియాలంటే ముందు సన్నివేశం ఎలా నడిచిందో తెర పక్కన నిలబడి వింటూ ఉండాలి. ఆ పని ఒకే రాత్రి అయిదు వేషాల్లో, అయిదు గొంతులతో చేయాలి, వేషం మార్చుకునే తొందర ఒకవైపు ఉండనే ఉంది. పద్యనాటకాల్లో ఒన్స్‌మోర్ అనగానే చచ్చిపోయిన పాత్ర కూడా లేచి పద్యం అందుకునేదని మా తాతయ్యలు చెబుతారు. అలాంటి ఆటలు చూసిన మనకు ఈ అయిదు చిన్న వేషాలు వింతగానే ఉంటాయి.

చదువుకున్నవాళ్ళు మెచ్చుకున్నా 'మాక్‌బెత్'కు జనం రాలేదు. థియేటర్ నిలబడాలంటే నవ్వు కావాల్సి వచ్చింది. ఆ మార్చిలోనే గిరీశ్ 'అబూ హుసేన్' అనే పాటల హాస్య నాటకం రాశాడు. ఒక్కరోజు ఖలీఫా కావాలని కోరుకునే మామూలు మనిషి కథ. ఈసారి ముఖ్య వేషం అర్ధేందుది. కలకత్తా ఎగబడింది.

డబ్బు విషయంలో ఆయన మన ఆడిట్ పూర్వీకుల పేరు నిలబెట్టలేదు. ఎమరల్డ్ థియేటర్‌ను తానే నడుపుదామని తీసుకుని అప్పుల పాలయ్యాడు. లెక్కలు ఆయనకు పట్టేవి కావు, తాలీమే పట్టేది. నేర్పడంలో ఆయనకు ఓపిక ఎక్కువ. పెద్ద వేషం వేసేవాడికీ, వచ్చి కబురు చెప్పి వెళ్ళే భటుడికీ ఒకేలా నేర్పేవాడు. బెంగాల్ నటుల్లో రెండు తరాలవాళ్ళు ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళో, ఆయన శిష్యుల దగ్గర నేర్చుకున్నవాళ్ళో.

1905లో, బెంగాల్ విభజన జరిగిన ఏడాది, గిరీశ్ రాసిన 'సిరాజుద్దౌలా'లో ఆయన దానా షా అనే ఫకీరు వేషం వేశాడు. అదీ చిన్న వేషమే. 1908లో కన్నుమూశాడు. ఒకప్పుడు ఆయన జట్టు మీద ఎగతాళి పాట కట్టిన గిరీశ్ ఘోషే ఆయన జీవితం గురించి పుస్తకం రాశాడు. నటులలో చూడామణి అని దానికి పేరు పెట్టాడు.

బీడన్ స్ట్రీట్‌లో మినర్వా థియేటర్ ఇప్పటికీ ఉంది. మధ్యలో కాలిపోయింది, మళ్ళీ కట్టారు, మూతబడింది, మళ్ళీ తెరిచారు. పోయిన శీతాకాలం సెలవుల్లో మేము నలుగురం మెట్రోలో శోభాబజార్ స్టేషన్‌లో దిగి, అక్కడినుంచి నడిచి వెళ్ళి చూసివచ్చాం. ఆ రోజు నాటకం లేదు. గేటు దగ్గర కాపలా ఉన్న తాతగారు మా బెంగాలీ విని నవ్వాడు గానీ, లోపలికి తొంగిచూడనిచ్చాడు.

ఈ సంవత్సరం మళ్ళీ అదే నాటిక మొదలుపెట్టాం. వేషాలు పంచుకోవడం ఇంకా పూర్తి కాలేదు. లారీ డ్రైవర్ వేషం నాకంటే నాకని ఈసారి ముగ్గురు అడుగుతున్నారు.